కృప ఏడాది చివరి చలికాలం

మా స్వీడన్ పల్లెల్లో పాస్టరు చనిపోతే ఆయన భార్యాబిడ్డలకు ఒక ఏడాది గడువిస్తారు. ఆ ఏడాదంతా చర్చి ఇంట్లోనే ఉండొచ్చు, చర్చి పొలం పంట తినొచ్చు. మే నెల మొదటి రోజున మాత్రం సామాను సర్దుకుని దారి చూసుకోవాలి. దీనికి కృప ఏడాది అని పేరు పెట్టారు. మా నాన్న ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డకీ బాప్తిస్మం ఇచ్చాడు, పోయే ప్రతి ముసలివాడి మంచం పక్కనా కూర్చున్నాడు, చివరికి మంచులో పడి తిరిగి తిరిగి ఊపిరితిత్తులు పాడుచేసుకుని తనూ పోయాడు. అందుకు బదులుగా మాకు దక్కింది ఆ ఏడాది. దాన్ని కృప అనడానికి నాకు అప్పుడూ నోరు రాలేదు, ఇప్పుడూ రాదు.

నేను చెప్పబోయేది పద్ధెనిమిది వందల ముప్ఫై ఏడులో, ఆ గడువు చివర మిగిలిన చలికాలం సంగతి. ఇంట్లో అమ్మ, నేను, వంటమనిషి మారెట్, అంతే. నాకు ఇరవై ఒకటి. పొద్దున లేవగానే పొయ్యి రాజేయడం, కిటికీ అద్దం మీద పేరుకున్న మంచు గోకి తెల్లారిందో లేదో చూడడం, జావ తాగి మగ్గం ముందు కూర్చోవడం, ఇదే నా పని. మధ్యాహ్నం మూడు కాకముందే వెలుగు పోయేది. అప్పుడు అమ్మ అవిసె నార వడికేది, నేను నాన్న పాత పత్రికలు పైకి చదివేదాన్ని, మారెట్ వింటూ వింటూ కునికిపాట్లు పడేది. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళంతా "పాపం, ఎంత ప్రశాంతంగా ఉన్నారో" అని వెళ్ళేవాళ్ళు. లోపల నేను మాత్రం ప్రశాంతంగా లేను.

ఎందుకంటే ఊరంతా కలిసి నా పెళ్ళి ఖాయం చేసేసింది. కొత్త పాస్టరు ఎవరైనా సరే, పాత పాస్టరు భార్యనో కూతురినో చేసుకోవాలన్నది మా దగ్గర పాత పద్ధతి. అలా చేస్తే ఇల్లాలు ఇంట్లోనే ఉంటుంది, విధవరాలిని పోషించే బరువు ఊరి మీద పడదు. పట్నాల్లో ఈ పద్ధతి ఎప్పుడో పోయింది. మా ఊళ్ళో ఏదీ అంత తొందరగా పోదు. ఇల్లు, పొలం, రెండు ఆవులు, వాటితోపాటు నేను, ఇదీ కొత్తాయనకు ఊరు ఇవ్వబోయే కానుక.

ఆ మాట చెప్పడానికే సంఘపెద్ద హోకాన్ జనవరిలో ఒకరోజు పొగబెట్టిన పంది తొడ చంకన పెట్టుకుని వచ్చాడు. బూట్లకున్న మంచు దులుపుకోకుండానే వంటింట్లోకి నడిచి, పొయ్యి పక్కన కూలబడ్డాడు.

"కొత్తాయన వస్తున్నాడు అమ్మగారూ. లిడేన్ అని, గోథెన్‌బర్గ్ వైపు మనిషి. నెమ్మదస్తుడంట. తాగడంట. పళ్ళు కూడా అన్నీ ఉన్నాయంట."

"గుర్రాన్ని కొంటున్నారా హోకాన్ గారూ?" అన్నాను.

"నీ కోసమేనమ్మా ఇదంతా," అని పకపకా నవ్వాడు. "పాస్టరుని ఎన్నుకునే ఓట్లు మా రైతుల చేతిలో ఉన్నాయి. ఆయనకి ఊరు కావాలి, మీకు ఇల్లు కావాలి. రెండూ కలిపి ముడేస్తే సరిపోయె. కాదంటారా అమ్మగారూ?"

"ఆయనకి నేను కావాలో వద్దో కనుక్కున్నారా?"

"నిన్ను చూశాక వద్దంటాడా ఎవడైనా?"

"సరే, మరి నాకు ఆయన కావాలో వద్దో?"

హోకాన్ నా వంక చూడలేదు. అమ్మ వంక చూశాడు. అమ్మ బల్ల కింద నా కాలు గట్టిగా తొక్కి, "కాఫీ తాగుతారా?" అని ఆయన్ని అడిగింది.

లిడేన్ ఫిబ్రవరి మొదట్లో వచ్చాడు. గడువు తీరేదాకా ఆరాధన నడపాలి కదా, అందుకని మా ఇంట్లోనే మేడ మీద గదిలో దిగాడు. పొడుగాటి మనిషి, కాస్త వంగి నడిచేవాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో సగం ఎవరో ఒక పాస్టరు కింద సహాయకుడిగా గడిపేశాడు. మనసు నొచ్చుకుంటే చెవులు ఎర్రబడేవి. దుర్మార్గుడేమీ కాదు. నిజానికి దుర్మార్గుడైతే నాకు పని సులువయ్యేది.

వచ్చిన వారం తిరక్కుండానే, నేను నేస్తున్న గదిలోకి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అది నాన్న చదువుకునే గది. వెలుతురు బాగా వస్తుందని మగ్గం అక్కడ వేసుకున్నాను.

"ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఈ మగ్గాన్ని వెనక రొట్టెలు కాల్చే పాకలోకి మార్చడానికి వీలవుతుందా? ప్రసంగం రాసుకుంటుంటే ఆ చప్పుడు సరిగ్గా తలలో కొడుతోంది."

"ఆ పాకలో రొట్టెలు కాల్చని రోజున నీళ్ళు గడ్డకడతాయండీ. నా వేళ్ళూ గడ్డకడతాయి."

"ఇప్పుడే అని కాదు. మే తర్వాత. ఎలాగూ ఈ గదిలో నా పుస్తకాల బీరువా పెడదామని..."

"మే తర్వాత నా మగ్గం ఎక్కడ ఉండాలో మీరు అప్పుడే ఆలోచించేశారన్నమాట."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "మీ అమ్మగారు అన్నారు... మీరు కూడా... అంటే నేను అనుకున్నది..." అని నసిగి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం దీపం పెట్టినా లేవకుండా నేశాను. నాడె విసిరిన ప్రతిసారీ మగ్గం పలకను నా బలమంతా పెట్టి లాగాను. మేడ మీద ఆయన అటూ ఇటూ నడుస్తున్నాడు. వంటింట్లోంచి మారెట్ తల బయట పెట్టింది.

"చిన్నమ్మగారూ, బట్ట నేస్తున్నారా, ఇల్లు పడగొడుతున్నారా?"

"రెండూను."

"అయితే కాస్త ఆగండి. పైనుంచి మట్టి రాలి నా పులుసులో పడుతోంది."

ఇక ఆ ఆదివారం సంగతి చెప్పాలి. పాస్టర్లు ప్రసంగం చేసేటప్పుడు మెడకు తెల్లటి పట్టీ కట్టుకుంటారు. మా నాన్నవన్నీ నేనే కుట్టేదాన్ని. అంచున సన్నటి చిల్లుల వరస తీసి, దాని కింద మరో వరస తీసేదాన్ని. అలా రెండు వరసలు తీసేదాన్ని మా చుట్టుపక్కల నేనొక్కదాన్నే. ప్రసంగం గంటన్నర సాగుతుంది, కూర్చున్నవాళ్ళకు చూడ్డానికి వేదికా, పాస్టరు మెడా తప్ప మరేమీ ఉండదు కాబట్టి, ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఆ చిల్లుల వరసలు కంఠతా వచ్చు.

మా ఊళ్ళో పెళ్ళికూతురు కాబోయే మొగుడికి తన చేత్తో కుట్టిన చొక్కా పంపుతుంది. అది ఆయన ఒంటి మీద కనబడిందంటే మాట ఖాయమైనట్టే, ఇంక ఎవరూ ఎవర్నీ అడగరు.

ఆ ఆదివారం నేనూ అమ్మా ఎప్పటిలాగే ఆడవాళ్ళ వైపు మొదటి బల్ల మీద కూర్చున్నాం. లిడేన్ వేదిక ఎక్కాడు. ఆయన మెడకు నేను కుట్టిన పట్టీ ఉంది. రెండు వరసలూ స్పష్టంగా కనిపిస్తున్నాయి, గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఉంది. నా వెనక బట్టల గరగర వినబడింది. ఒక్కొక్క బల్లా ముందుకు వంగి, పక్కదాన్ని పొడిచి, నా వీపు వంక చూస్తోంది. నేను అమ్మ వైపు తిరిగాను. అమ్మ ప్రార్థన పుస్తకంలోంచి తల ఎత్తలేదు. అప్పుడు అర్థమైంది, నాన్న బట్టల పెట్టె తెరిచింది ఎవరో, గంజి పెట్టింది ఎవరో.

ఆయన ప్రసంగం ఒక్క ముక్క నా చెవిలో పడలేదు. నాన్నకి చివరగా కట్టింది ఆ పట్టీయే. దగ్గు తెరలో రక్తపు చుక్క పడితే నిమ్మరసం పెట్టి మరక పోగొట్టింది నేను. ఒళ్ళు మండిపోయింది.

ఆరాధన అయ్యాక బయట మంచులో హోకాన్ భార్య నా రెండు చేతులూ పట్టుకుంది. "మంచి మాట విన్నామమ్మా! చర్చిలో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదవడం ఎప్పటినుంచి మొదలు?" ఆవిడ వెనక ఇంకో నలుగురు వరసలో నిలబడి ఉన్నారు. నేను చేతులు విడిపించుకుని తిన్నగా చర్చి వెనక గదిలోకి వెళ్ళాను. లిడేన్ నల్ల అంగీ విప్పుతున్నాడు.

"ఆ పట్టీ మా నాన్నది. ఇచ్చేయండి."

"మీ అమ్మగారు ఇచ్చారు. మీరే కుట్టారని చెప్పారు. నాకు చాలా..."

"కుట్టింది నేనే. ఆయన మెడకి కుట్టాను, మీ మెడకి కాదు. విప్పండి."

"ఇప్పుడా? బయట జనం ఉన్నారు."

"జనం ఉన్నారనే ఇప్పుడు అడుగుతున్నాను."

ఆయన ఒక్క క్షణం నన్ను చూశాడు. ఈ ఊరి ఆడవాళ్ళు ఆ గుడ్డముక్కలో ఏం చదువుకున్నారో ఆ మనిషికి నిజంగా తెలియదని నాకు అప్పుడే అర్థమైంది. తెలియకపోయినా, ముడి విప్పి నా చేతిలో పెట్టాడు. బోసి మెడతో బయటికి నడిచి, కొంగలా చలికి మెడ ముడుచుకుని, ఊరందరికీ ఒక్కొక్కరికీ చెయ్యిచ్చాడు. నేను ఆ పట్టీని మడిచి జేబులో పెట్టుకుని, వాళ్ళందరి మధ్య నుంచీ నడిచి ఇంటికి వచ్చాను.

దీంతో అయిపోయిందనుకున్నాను. అవలేదు. సాయంత్రానికల్లా ఊరు దానికీ ఒక అర్థం చెప్పేసింది. పెళ్ళి కాకముందే అలకలు మొదలయ్యాయట, ఇద్దరికీ బాగా కుదిరిందట. మారెట్ ఈ కబురు తెచ్చి, కడుపు పట్టుకుని నవ్వి, నా ముఖం చూసి ఆపుకుంది.

అమ్మ మాత్రం నవ్వలేదు.

"నీకు పిచ్చిగానీ పట్టిందా? ఒక పెద్దమనిషిని బోసి మెడతో ఊరి ముందు నిలబెడతావా?"

"నన్ను అడక్కుండా నా పెళ్ళి ఊరి ముందు పెట్టిందెవరు?"

"అడిగితే వద్దంటావని అడగలేదు."

"తెలిసే చేశావన్నమాట."

"తెలిసే చేశాను. మే నెల వచ్చాక ఎక్కడికి పోతాం? మీ పెదనాన్న ఇంటికా? మీ పెద్దమ్మ పిల్లల ముక్కులు తుడుస్తూ, తిన్న ప్రతి ముద్దకీ ఆవిడకి దణ్ణం పెడుతూ? ఇక్కడైతే నీ పొయ్యి నీది. నీ తాళాలు నీవి. మనిషి చెడ్డవాడా? కొడతాడా? తాగుతాడా?"

"కొట్టడు, తాగడు. నాకొద్దు."

అమ్మ చేతిలో గరిటె బల్ల మీద పెట్టింది. "నేను చేసుకోలేదా?" అంది.

అమ్మ ఆ ఇంట్లోనే పుట్టిందని నాకు తెలుసు. మా తాత కూడా ఆ ఊరి పాస్టరే. దాన్ని మా ఇంటి గొప్పగా చెప్పుకోవడమే విన్నాను గానీ, ఆ గొప్ప ఎలా వచ్చిందో ఎవరూ నాకు విడమరిచి చెప్పలేదు.

"మా నాన్న పోయేటప్పటికి నాకు పద్ధెనిమిది," అంది అమ్మ. "ఇదే పొయ్యి, ఇదే బల్ల. ఇదే హోకాన్ వాళ్ళ నాన్న వచ్చి ఇక్కడే కూర్చున్నాడు. మీ నాన్నకి అప్పటికే తల నెరిసింది. మా అమ్మని రోడ్డు మీదికి పంపొద్దని చేసుకున్నాను. ఏం, చచ్చిపోయానా?"

"నాన్నంటే నీకు ఇష్టం ఉండేదా?"

"మంచివాడు."

"నేను అడిగింది అది కాదు."

"నువ్వు అడిగేది నన్నెవరూ ఎప్పుడూ అడగలేదే. ఇప్పుడు అడిగితే ఏం చెప్పమంటావు?" అమ్మ గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఈ ఇల్లంటే నాకిష్టం. ఇక్కడే పుట్టాను, ఇక్కడే పోతాననుకున్నాను. అంతే నాకు తెలిసింది."

నాకు ఆవిడ మీద జాలి వేసింది. కోపమూ వచ్చింది. దేనికి ఏడుస్తున్నానో తెలియకుండానే కాసేపు ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని మాత్రం ముందు చెప్పిందే చెప్పాను.

"ఏమైనా చెయ్యి అమ్మా. ఆయన్ని నేను చేసుకోను."

ఆ తర్వాత చాలా రోజులు మా ఇద్దరి మధ్యా ఉప్పు అందుకో, తలుపు వెయ్యి, ఇంతే మాటలు. లిడేన్ భోజనాల దగ్గర ఇద్దరికీ మధ్య కూర్చుని ఉప్పు చేప ముళ్ళు ఒకటికి పదిసార్లు ఏరుకునేవాడు. మగ్గం మాట మళ్ళీ ఎత్తలేదు.

మార్చిలో పరీక్ష వచ్చింది. ఏటా చలికాలంలో పాస్టరు ఒక్కొక్క పేటలో ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని, పిల్లల్నీ పెద్దల్నీ పనివాళ్ళనీ అందర్నీ పిలిచి, చదవడం వచ్చో రాదో చూస్తాడు, ప్రశ్నోత్తరాలు అప్పజెప్పించుకుంటాడు. అది అవగానే విందు. ఆ ఏడు మా పేటకి హోకాన్ ఇల్లు. పొడుగాటి గదిలో బల్లలు వేశారు, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. పక్క గదిలోంచి కాఫీ వాసన, వేయించిన మాంసం వాసన వస్తూ ఉంటే జనం ఆకలికి తడుముకుంటూ దేవుడి ఆజ్ఞలు అప్పజెబుతున్నారు.

నా వంతు వచ్చింది. లిడేన్ తల ఎత్తకుండా అడిగాడు. ఇంట్లో ఎవరెవరు ఎలా నడుచుకోవాలో చెప్పే భాగం అది, అందులో భార్యల వంతు నాకు పడింది. కావాలని అడిగాడని ఊరు అనుకుంది గానీ, పుస్తకంలో వరసగా వచ్చిందే అడిగాడు. చిన్నప్పుడు నాన్న ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నది కాబట్టి ఒక్క తడబాటు లేకుండా చెప్పాను.

"భేష్!" అన్నాడు హోకాన్ తన కుర్చీలోంచి. "ఇంత బాగా వచ్చు కదా, మరి ఆచరణలో పెట్టేదెప్పుడమ్మా?"

గదంతా గొల్లున నవ్వింది. లిడేన్ చెవులు ఎర్రబడ్డాయి.

"పెట్టను," అన్నాను.

"ఏంటీ?"

"పాస్టరు గారిని నేను పెళ్ళి చేసుకోను హోకాన్ గారూ. అలకా కాదు, ఏమీ కాదు. మే నెలలో ఇల్లు ఖాళీ చేస్తాం."

నా గొంతు నాకే మామూలుగా వినబడింది. నవ్వు ముందు వరసలో ఆగి, వెనక వరసలో ఇంకాసేపు సాగి, అక్కడా ఆగింది. హోకాన్ పైపు నోట్లోంచి తీశాడు.

"ఖాళీ చేసి? ఊరు మేపాలా మిమ్మల్ని?"

"అక్కర్లేదు. మగ్గం ఉంది."

"మగ్గం కూడు పెడుతుందా?"

"మీ ఒంటి మీద చొక్కా గుడ్డ ఎవరు నేశారో అడగండి మీ ఆవిడని," అంది వెనకనుంచి మారెట్. ఎవరో కిసుక్కుమన్నారు. హోకాన్ భార్య తన చేతుల వంక చూసుకుంది.

హోకాన్ అంత తేలిగ్గా వదిలే రకం కాదు. కాసేపు పైపు తిప్పుతూ కూర్చుని, అమ్మ వైపు తిరిగాడు.

"సరే. పిల్లకి పొగరెక్కింది, పోనీండి. అసలు పాత పద్ధతిలో మొదటి హక్కు విధవరాలిదే, కూతురు తర్వాత. మీకేం వయసు మీరిపోయింది అమ్మగారూ? పాస్టరు గారికంటే నాలుగేళ్ళు పెద్ద, అంతేగా. ఇల్లు నడిపిన చెయ్యి మీది. ఊరికీ నిశ్చింత. ఏమంటారు?"

"హోకాన్ గారూ..." అన్నాడు లిడేన్.

"మీరుండండి పాస్టరు గారూ. అమ్మగారిని అడిగాను."

ఎవరేం చెప్పినా నేను కాదనగలను గానీ, అమ్మ తరఫున ఎలా కాదనను? ఆ ఇల్లంటే ఆవిడకు ప్రాణం. ఒక్క మాట అంటే చాలు, ఆ పొయ్యి, ఆ బల్ల, ఆ మేడమెట్లు, అన్నీ చచ్చేదాకా ఆవిడవే. నా కోసం కూడా అనెయ్యగలదు, నన్ను పెదనాన్న ఇంటికి పంపకుండా ఉండడానికి. ఆవిడ ఒకసారి అలాగే చేసింది కదా. అమ్మ నడుముకు వేలాడే తాళాల గుత్తిని గుప్పిట్లో పట్టుకుని కూర్చుని ఉంది.

ఆవిడ లేచి నిలబడింది. లేవాల్సిన పని లేదు, ఆడవాళ్ళు కూర్చునే జవాబు చెప్పొచ్చు.

"హోకాన్," అంది. గారూ అనలేదు. "ఆ ఇంటి కోసం నేను ఒకసారి పెళ్ళి చేసుకున్నాను. చాలు."

అంతే అని కూర్చుంది.

హోకాన్ సాయం కోసం లిడేన్ వంక చూశాడు. లిడేన్ గొంతు సవరించుకున్నాడు. "ఈ విషయం నన్ను కూడా ఎవరూ అడగలేదు హోకాన్ గారూ," అన్నాడు. "మీ ఓట్లు మీ ఇష్టం. తర్వాతి ప్రశ్న, పనివాళ్ళు ఎలా నడుచుకోవాలి? మారెట్, మీరు చెప్పండి."

"ఎలా నడుచుకోవాలో రాదు బాబూ," అంది మారెట్. "ఈ మోకాళ్ళతో అసలు నడవడమే కష్టంగా ఉంది."

నవ్వులో పడి ఆ గది మళ్ళీ ఊపిరి పీల్చుకుంది. విందు దగ్గర ఎవరూ మా పక్కన కూర్చోలేదు. అమ్మ రెండుసార్లు వడ్డించుకుని తింది.

ఇంటికి మంచులో నడిచి వచ్చాం.

"భయంగా ఉందా అమ్మా?" అన్నాను.

"చచ్చేంత," అంది. ఇంకొంత దూరం నడిచాక, "నీ మీద కోపం పోయిందనుకోకు. ఇంకా ఉంది," అంది. చెయ్యి మాత్రం నా చంకలో దూర్చి పట్టుకుంది.

ఊరు చివరికి లిడేన్‌కే ఓటేసింది. చెమ్మ గోడల ఆ చర్చి ఇంటికి మరే పాస్టరూ రావడానికి ఒప్పుకోలేదు. చెరువు అవతల, చనిపోయిన సిపాయి ఒకడి కుటుంబం వదిలేసిన రెండు గదుల కొంప మాకు దొరికింది. మే మొదటి రోజున బండి కట్టాం. మగ్గం దూలాన్ని ఒక కొసన నేను, రెండో కొసన లిడేన్ పట్టుకుని గుమ్మం దాటించాం. ఆయన అరచేతిలో చెక్క పేడు గుచ్చుకుంటే పంటితో పీక్కున్నాడు. "ఇల్లు బాగా నిశ్శబ్దంగా ఉంటుంది ఇక," అన్నాడు. అది సంతోషంగా చెప్పినట్టు లేదు. అమ్మ ఏ తాళం ఏ గదిదో, ఏది కాస్త పైకెత్తి తిప్పాలో ఆయనకు ఓపిగ్గా చెప్పి, గుత్తి ఇచ్చేసి బండెక్కింది. ఊరు దాటేదాకా ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు.

కొత్త ఇంట్లో మగ్గానికి ఒక గది పోయింది, మారెట్‌తో కలిపి మనుషులు ముగ్గురికీ ఒకటి మిగిలింది. మొదటి వారం బట్ట నేయించుకోవడానికి ఎవరూ రాలేదు. వాళ్ళు రాకపోయినా నేను నేస్తూనే కూర్చున్నాను.

ఆదివారం వచ్చింది. మా చర్చిలో ఏ బల్ల ఏ ఇంటిదో రాసిపెట్టినట్టే ఉంటుంది. మొదటి బల్ల చర్చి ఇంటిది, ఆ తర్వాత పెద్ద రైతులు, ఆ తర్వాత చిన్న రైతులు. పొలం లేనివాళ్ళకు తలుపు పక్కన, అటక కింద, గాలి కొట్టేచోట రెండు బల్లలు. అమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటి బల్ల తప్ప మరో బల్ల మీద కూర్చుని ఎరగదు. ఈరోజుకి ఇంట్లో ఉండిపోదామా అని అడిగాను. "ఎందుకు? జబ్బు చేసిందా?" అని శాలువా కప్పుకుంది.

మేం వెళ్ళేటప్పటికి జనం నిండి ఉన్నారు. అమ్మ తలుపు దాటగానే తలలన్నీ తిరిగాయి. హోకాన్ మెడ బాగా చాచి చూశాడు. అమ్మ ఎవర్నీ చూడకుండా తలుపు పక్క బల్లలోకి దూరి, మేకలు కాసే ఒక ముసలమ్మని "కాస్త జరుగుతారా" అని అడిగి కూర్చుంది. ఆ పక్కన నేను, నా పక్కన మారెట్.

కీర్తన మొదలైంది. అమ్మ పాడింది. మొదటి బల్ల మీద ఇన్నేళ్ళూ ఆవిడ పెదవులు మెదపడమే చూశాను, పక్కనున్న నాకు కూడా సరిగా వినబడేది కాదు. ఆరోజు మొదటి చరణానికే ఆ గొంతు అటక కింద నుంచి లేచి, రైతుల బల్లలు దాటి, వేదిక దాకా వెళ్ళింది. ముందు వరసల వాళ్ళు తడబడ్డారు. లిడేన్ తల ఎత్తి మా వైపు చూసి, ఆ వేగం అందుకుని పాడాడు. మేకల ముసలమ్మ కూడా గొంతు పెంచింది. అమ్మ అన్ని చరణాలూ అలాగే పాడింది, ఎక్కడా తగ్గలేదు.

కూర్చున్నాక మారెట్ నా మీదుగా వంగింది. "అమ్మగారూ, ఇంత గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ?"

"అక్కడ ముందు కూర్చుని అరిస్తే మర్యాదగా ఉండదని మీ అయ్యగారు అనేవారు," అంది అమ్మ. ఆయాసంతో ఆవిడ ముఖం ఎర్రగా ఉంది. ప్రసంగం అయ్యేదాకా ఇంకో పాట లేదని తెలిసి కూడా పుస్తకంలో తర్వాతి కీర్తన వెతుకుతోంది.